ట్రాలీ తోక మీద బరువు

మా యారాలు ట్రాలీని సందులోకి వెనక్కి తీస్తుంటే వాడకట్టంతా గడపల్లోకి వచ్చి నిలబడుతుంది. నేను మాత్రం వంటింటి కిటికీ దగ్గరే ఉంటాను. చూడొద్దనే అనుకుంటాను. కానీ బండి వెనకాల మా ఆయన "వదినె, రానియ్యి, రానియ్యి" అంటూ చెయ్యి ఊపుతుంటాడు. ఆయన పక్కన మా నాలుగేళ్ల బిడ్డ కూడా అచ్చం అలాగే ఊపుతుంటుంది. ఆ ఇద్దరినీ చూడకుండా ఉండలేను.

యారాలంటే మా ఆయన అన్న భార్య. కోరుట్లలో మాది ఒకే ఇల్లు. మీద ఆమె, కింద మేము. మా బావ దుబాయిలో ఉంటాడు. పోయినసారి సెలవు మీద వచ్చినప్పుడు ఒక పాత ఎస్‌యూవీ కొని, నెల రోజులు తిప్పి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి విమానం ఎక్కాడు. బండి మూలన పడి ఉంటుందనుకున్నాం అందరం. ఆమె డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఆమె చదువు పదో తరగతితో ఆగిపోయింది. నేను లెక్కలు, ఫిజిక్స్‌తో డిగ్రీ చేశాను. పెళ్లికి ముందు జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో రెండేళ్లు పాఠాలు చెప్పాను. ఈ తేడాను రోజుకు ఒకసారైనా మనసులో గుర్తుచేసుకునేదాన్ని. అందుకే ముందే రాస్తున్నాను.

ఆమె ఫంక్షన్లకు వంటలు ఒప్పుకుంటుంది. మొదట యాభై మందికి వండింది, తర్వాత మూడు వందల మందికి, నాలుగు వందల మందికి. గంగాళాలు, బగోనలు, గ్యాసు పొయ్యిలు మోయడానికి ప్రతిసారీ ఆటో కావాలి. అది చెప్పిన వేళకు రాదు. ఒకరోజు పప్పు ఉడకాల్సిన సమయానికి పొయ్యిలు ఇంకా తోవలోనే ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, "నా బండికి నేనే ఒక ట్రాలీ తగిలిచ్చుకుంట" అంది.

మా అత్తమ్మ పకపకా నవ్వింది. "ట్రాక్టరా అది, ట్రాలీ గుంజనీకి?"

"ట్రాక్టర్ గుంజేది ఇంజినే గదా అత్తమ్మ. దీనికి గుడ ఇంజిన్ ఉన్నది."

జగిత్యాలలో ఒక వెల్డింగ్ షాపులో చేయించింది. రెండు చక్రాలది, మంచం కంటే కొంచెం పెద్దది, వెనక తలుపుతో. దాని కాగితాల కోసం, నంబరు కోసం మా ఆయన ఎన్ని పూటలు సెలవు పెట్టాడో నాకు లెక్క తెలుసు. నా బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు మార్పించడానికి మాత్రం ఏడాదిగా ఆయనకు తీరిక చిక్కలేదు.

ట్రాలీ వచ్చాక మార్కెట్ యార్డు వెనక ఖాళీ జాగాలో ఆమె నేర్చుకోవడం మొదలుపెట్టింది. రెండు వైపులా ఇటుకలు పేర్చుకుని మధ్యలోంచి వెనక్కి తీయాలి. ట్రాలీ ఉన్నప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోతుంది. తలకు అర్థమైనా చేతులు వినవు. మొదటి రోజు నేను చూస్తుండగానే ట్రాలీ అడ్డం తిరిగి ఇటుకలన్నీ పడగొట్టింది. నేను ఇంటికి వచ్చి తెల్లకాగితం మీద బొమ్మ గీసి, కోణాలు వేసి, బాణాలు పెట్టి ఆమెకు చూపించాను. నిజంగా సాయం చేద్దామనే చూపించాను. ఆమె ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "కాయితం మీద బండి మస్తు పోతది చెల్లె" అని నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. నాలుగో రోజుకు ఒక్క ఇటుక పడకుండా తీసింది. మా ఆయన ఆ రాత్రి అన్నం తింటూ మూడుసార్లు ఆ మాటే చెప్పాడు. నాకు స్కూటీ నేర్పిస్తూ రెండో రోజే "నీతోని కాదు తియ్యి" అన్న మనిషి.

ఆమె జాగ్రత్తలు చూస్తే నాకు ఇంకా మండేది. బయలుదేరే ముందు ట్రాలీ టైర్లకు, బండి టైర్లకు గాలి చూపిస్తుంది. బండికీ ట్రాలీకీ మధ్య రెండు గొలుసులను కత్తెరలా అడ్డంగా వేస్తుంది. హుక్కు ఊడినా ట్రాలీ నేల మీద పడకుండా గొలుసుల మీద ఆగుతుందట. ట్రాలీ వెనక దీపాలు వెలుగుతున్నాయా లేదా అని మా బిడ్డను నిలబెట్టి చూపిస్తుంది. "ఎడమది కొట్టుకుంటాందా బిడ్డా?" "కొట్టుకుంటాంది పెద్దమ్మా!" యాభై దాటి పోదు. ముందు బస్సు ఉంటే ట్రాక్టరు పట్టేంత ఎడం వదులుతుంది. నడిపేటప్పుడు ఫోను ముట్టదు. దుబాయి నుంచి బావ చేసినా ముట్టదు. ఆమె జాగ్రత్తను అందరూ మెచ్చుకుంటారు. నేను జాగ్రత్తపడితే మాత్రం "దీనికి భయం ఎక్కువ" అంటారు.

మా బిడ్డ బియ్యం చాట బోర్లించి దాని మీద కూర్చుని బండి నడిపే ఆట ఆడుతుంది. "నువ్వెవరివే?" అని అడిగితే "పెద్దమ్మను" అంటుంది. నేనెవరినని అడిగితే, "నువ్వు ఇంట్ల ఉంటవు" అంది.

ఇక అసలు సంగతి. ట్రాలీ ఇంటికి తెచ్చుకున్న రోజు నేను కూడా జగిత్యాల వెళ్లాను. బిడ్డకు దగ్గు తగ్గలేదు, పిల్లల డాక్టరుకు చూపించి ఆమె బండిలోనే తిరిగి వద్దామనుకున్నాను. వెల్డింగ్ షాపులో పని అయిపోవచ్చింది. వెనక దీపానికి ఎర్ర అద్దం ఒకటి తక్కువైతే ఆమె రోడ్డు అవతలి దుకాణానికి పోయింది. నేను బిడ్డను ఎత్తుకుని ట్రాలీ పక్కన నిలబడి ఉన్నాను. వెల్డింగాయన చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, ఒక ముచ్చట. మీ అక్క అచ్చేవరకు నేను మరిచిపోత, నువ్వు చెప్పు. దీని ఇరుసు నడిమిట్ల ఉన్నది. బరువంత ఇరుసుకు ముంగటికే ఎక్కువుండాలె. బండికి తగిలిచ్చే గీ ముక్కు మీద కొంచెం ఒత్తుడు వడాలె. ఎనుక బరువైందనుకో, ముక్కు లేస్తది, బండి ఎనుక టైర్లు పట్టు వదుల్తయి. జర స్పీడు అందుకున్నంక ట్రాలీ తోకాడిస్తది. ఒక్కసారి ఆడిచ్చుడు షురువైతే బండిని గుడ ఎంబడి తిప్పుతది."

"అట్ల అయితే ఏం చెయ్యాలె?" అని అడిగాను.

"బిరేకు కొట్టద్దు. కాలు తియ్యాలె, స్టీరింగు తిప్పకుంట గట్టిగ పట్టుకోవాలె. దానంతటదే నెమ్మదైతది. కానీ గంతదాక ఎందుకు, బరువు సక్కగ పెట్టుకుంటె అయిపాయె. చెప్పుతవు గదా?"

"చెప్తా" అన్నాను.

మొదటిసారి విన్నప్పుడే నాకు మొత్తం అర్థమైంది. ఇరుసు చుట్టూ బరువులు, తక్కెడ, నేను పిల్లలకు బోర్డు మీద చెప్పిన పాఠమే. ఆమె అద్దం తెచ్చింది, వెల్డింగాయన బిగించాడు, మేము బయలుదేరాం. తోవలో చెబుదామనుకున్నాను. కోరుట్ల చేరేదాకా ఆమె, బిడ్డ పాటలు పాడుకున్నారు. ఇంటి ముందు మా ఆయన ఎదురొచ్చి, ట్రాలీ చుట్టూ తిరిగి, "మా వదినె అంటే ఏమనుకున్నరు!" అని పక్కింటివాళ్లకు వినబడేలా అన్నాడు. రేపు చెబుదాంలే అనుకున్నాను.

మరుసటి రోజు ఆ కాగితం మాట అన్నది. ఆ తర్వాతి రోజు నాకే చెప్పబుద్ధి కాలేదు. నాకు తెలిసి ఆమెకు తెలియనిది ఒకటి ఉంది. దాన్ని అట్టే పెట్టుకోవాలనిపించింది. మొదటి వారాల్లో చిన్న ఫంక్షన్లే వచ్చాయి, అన్నీ ఊళ్లోనే, బరువు తక్కువ, వేగం లేదు. ఏమీ కాలేదు. కాకపోవడం చూసి నాకు ధైర్యం వచ్చింది. దాచుకోవడానికి కూడా ధైర్యం కావాలి కదా.

తర్వాత సిరిసిల్ల నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపించే ఒక ఆసామి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. నాలుగు వందల మందికి భోజనం. దాని కోసం ఆమె కొత్తగా పెద్ద రాతి గ్రైండరు కొన్నది. ఇద్దరు మనుషులు ఎత్తితే కానీ లేవదు.

ఆ ఆదివారం పొద్దున్నే సామాను ఎక్కించారు. నా చేతిలో సామాను జాబితా ఉంది. వంటవాళ్లకు ఒక పద్ధతి ఉంటుంది. వెళ్లగానే ముందు దించాల్సింది ఏదో దాన్ని చివర ఎక్కిస్తారు. అక్కడికి పోగానే మొట్టమొదట పొయ్యి వెలగాలి, పిండి పడాలి. కాబట్టి ఖాళీ బగోనలు, గంటెలు, జల్లిగిన్నెలు ముందు లోపలికి పోయాయి. గ్రైండరు, గ్యాసు సిలిండర్లు, ఇనుప పొయ్యిలు అన్నీ చివర, వెనక తలుపుకు ఆనుకుని. తేలికవి ముందు, బరువువి తోక మీద. ట్రాలీ ముక్కు కొంచెం పైకి లేచింది. అది నా కంటికే కనిపించింది. హుక్కుకు తగిలించేటప్పుడు మా ఆయన ముక్కు మీద కూర్చున్నంత పని చేసి కిందికి నొక్కాడు.

నేను నోరు తెరిచాను. "అక్కా, ఆ గ్రైండరు..."

"రాసుకున్నవా? గ్రైండర్ ఒకటి, సిలిండర్లు నాలుగు. నువ్వు రాసుడు చూస్కో చెల్లె, మోసుడు మేం చూస్కుంటం."

వంటకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. మా ఆయన వాళ్ల కంటే గట్టిగా నవ్వాడు.

నోరు మూసుకున్నాను. ఆ క్షణంలో ఏమనుకున్నానో రాయకపోతే ఇదంతా రాయడం దండగ. సిరిసిల్ల చేరేలోపు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ ట్రాలీ ఊగాలి అనుకున్నాను. ఎవరికీ ఏమీ కావద్దు. ఊగి, ఆమె భయపడి, బండి పక్కకు ఆపి, మా ఆయనకు ఫోను చేసి ఏడవాలి. అంతే. జాబితా గోడ మీద పెట్టి లోపలికి వచ్చేశాను. బండి కదిలిన చప్పుడు వినిపించినా కావాలనే బయటికి రాలేదు. ఉప్మా రవ్వ దోరగా వేయిస్తూ కూర్చున్నాను.

ఉప్మా అయ్యాక బిడ్డను పిలిచాను. పలకలేదు. మేడ మీద చూశాను. అత్తమ్మ దగ్గర చూశాను. మా ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"బిడ్డేది?"

"వదినెతోని పోయింది. పోత పోత అని ఒక్కటే ఏడుపు. ఆదివారమే గదా అని ఎక్కిచ్చిన. నువ్వు బయటికి రాకపోతివి, చెప్పుదామంటే."

నా చేతిలోని గిన్నె ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు. ఫోను చేశాను. ఎత్తలేదు. ఆమె ఎత్తదని నాకు తెలుసు. మళ్లీ చేశాను. మూడోసారి మా బిడ్డ ఎత్తింది.

"అమ్మా, పెద్దమ్మ మాట్లాడదట. బండి నడుపుతాందట."

"ఎక్కడిదాక పోయిండ్రు బిడ్డా?"

"తెల్వదు. చెట్లున్నయి. ఒక బర్రె ఉన్నది."

"పెద్దమ్మకు చెప్పు, బండి ఆపుమను."

"పెద్దమ్మా, అమ్మ బండి ఆపుమంటాంది."

దూరంగా ఆమె గొంతు వినిపించింది. "పాలు తాగలేదనా? సిరిసిల్లకు వోయినంక తాగిపిస్త అని చెప్పు."

వెనక సీటులో ఆడవాళ్లు నవ్వారు. తప్పు వాళ్లది కాదు. బిడ్డ అరగంట నా కళ్లముందు లేకపోతే నాలుగు ఫోన్లు చేసేదాన్ని. పాలు తాగిందా, చెప్పులు వేసుకుందా, కిటికీ మూశారా. ఇప్పుడు ఇది ఐదో ఫోను అనుకున్నారు.

"పాలు కాదు బిడ్డా. ట్రాలీ తోకాడిస్తది అని చెప్పు."

"పెద్దమ్మా! మన ట్రాలీ తోక ఆడిస్తదట!" బిడ్డ కిలకిలా నవ్వింది. "కుక్క లెక్కనా అమ్మా?"

ఈసారి ఇంకెవరూ నవ్వలేదు. ఎవరో ఫోను స్పీకరులో పెట్టారు.

"చెల్లె, ఏమంటున్నవ్?" ఆమె గొంతు మామూలుగా లేదు. "ఇందాకటిసంది ఎనుకకెళ్లి ఎవలో గుంజినట్టయితాంది. గాలి అనుకున్న."

"అక్కా, బరువు తోక మీదున్నది. కాలు తియ్యి. బిరేకు కొట్టకు."

"ముంగట దిగుడున్నదక్కా" అంది వెనక కూర్చున్న ఆమె ఎవరో.

"కొట్టకు అక్కా. స్టీరింగు తిప్పకు, గట్టిగ పట్టుకో. దానంతటదే నెమ్మదైతది."

ఆ తర్వాత నాకు గాలి చప్పుడు, గంగాళాలు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు మాత్రమే వినిపించాయి. మధ్యలో మా బిడ్డ, ఉయ్యాల ఎక్కినప్పటి గొంతుతో, "అమ్మా, బండి ఊగుతాంది!" అంది.

ఎంతసేపో చెప్పలేను. నా ముఖం చూసి మా ఆయన సగం గీసిన గడ్డంతో వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏమైందే?" అని అడుగుతున్నాడు. గంగాళాల చప్పుడు మెల్లమెల్లగా తగ్గింది. ఇండికేటరు టిక్కు టిక్కుమని కొట్టుకోవడం వినిపించింది. తర్వాత ఇంజిను ఆగిపోయింది.

"ఆగినం" అంది మా యారాలు.

తలుపులు తెరుచుకోవడం వినిపించింది. వంటామెలు దిగారు కాబోలు, "ఓ అవ్వో" అంటున్నారు. ఆమె మాత్రం దిగలేదు.

"గిది నీకెవలు చెప్పిండ్రు?"

"వెల్డింగాయన."

"ఎప్పుడు?"

"ట్రాలీ తెచ్చిన నాడు. నువ్వు అద్దం కొననీకి పోయినప్పుడు. గ్రైండరు, సిలిండర్లు ఇరుసుకు ముంగటికి జరుపుమను అక్కా. తేలికవి ఎనుకకు."

ఆమె "ఫోను పెట్టెయ్యి బిడ్డా" అన్న మాట వినిపించింది.

మా ఆయనకు సగమే చెప్పాను. బరువు సరిగ్గా పెట్టలేదని నాకు అనుమానం వచ్చి ఫోను చేశానన్నాను. ఆయన నా వైపు కొత్తగా చూశాడు. ఎన్నేళ్లుగానో ఆ చూపు కోసమే ఎదురుచూశాను. వచ్చినప్పుడు దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

వాళ్లు సాయంత్రం పొద్దు గూకకముందే వచ్చారు. మా బిడ్డ ముఖానికి మిఠాయి అంటుకుని ఉంది. మా ఆయన ఎదురెళ్లి, "ఎట్లయింది వదినె?" అని అడిగితే, "మంచిగయింది. తోవల జర ఊగింది, నీ పెండ్లాం చెప్పింది, సదురుకున్నం" అంది. అంతే చెప్పింది. నెల రోజుల సంగతి చెప్పలేదు. ఒక్క మాట చెబితే ఆ ఇంట్లో నేను తలెత్తేదాన్ని కాదు. చెప్పకుండా ఉండగలిగినందుకు కూడా ఆమె మీద నాకు కుళ్లు కలిగింది. ఆ స్థానంలో నేనుంటే చెప్పేసేదాన్ని.

మా ఆయన సామాను దించడానికి పోయాక ఆమె వంటింటి గడపలో నిలబడింది.

"చెల్లె, ఒక్కటి అడుగుత. నీ బిడ్డ ఎక్కకపోతే చెప్పేటిదానివా?"

నేను గిన్నెలు తోముతూనే ఉన్నాను. ఆమె కొంతసేపు చూసి మీదికి వెళ్లిపోయింది.

వారం రోజులు మాట్లాడలేదనలేను. మాట్లాడింది. నీళ్లు వచ్చాయంది, కరెంటు పోయిందంది. ఆ వారంలోనే ట్రాలీని మళ్లీ జగిత్యాల తీసుకుపోయి, ముందు భాగంలో పక్కకు ఒక చిన్న తలుపు కోయించుకుని వచ్చింది. బరువువి ఇరుసుకు ముందు పెట్టినా, వెనకవి ఏవీ దించకుండానే పక్క తలుపు నుంచి ముందుగా తీయొచ్చు. నాకు సూత్రం తెలుసు, చేతిలో డిగ్రీ ఉంది, ఆ తలుపు ఆలోచన మాత్రం నాకు తట్టలేదు. అది చూసి రెండు రోజులు అన్నం సయించలేదు.

తర్వాతి ఆర్డరు జగిత్యాలలో. సామాను ఎక్కించే వేళకు ఆమె బయటి నుంచే కేక వేసింది. "చెల్లె, గిటు రా. ఏది యాడ పెట్టాలెనో చెప్పు." అందరి ముందు అడిగింది. నేను చెప్పాను. గ్రైండరు ఇక్కడ, సిలిండర్లు దాని పక్కన నిలువుగా, తాడు ఇటు నుంచి. వాళ్లు నేను చెప్పినట్టే పెట్టారు. మా ఆయన, "నీకు గివన్ని ఎట్ల తెలుసే?" అన్నాడు.

"సదువుకున్నది గదా" అంది మా యారాలు. నా వైపు చూడలేదు.

మా ఆయన, వంటవాళ్లు పక్కకు పోయాక మేమిద్దరమే ట్రాలీ దగ్గర మిగిలాం. ఆమె తాడు ముడి వేస్తోంది. ఆ వారమంతా పడుకున్న బిడ్డ పక్కన కూర్చుని ఆమె ప్రశ్నకు జవాబును మనసులోనే రాసుకున్నాను, కొట్టేసుకున్నాను. ఇక మోయలేకపోయాను.

"అక్కా, బిడ్డ ఎక్కకపోతే చెప్పకపోయేదాన్ని కావచ్చు."

ఆమె చేతులు ఆగాయి. నన్ను చూసింది. తర్వాత ముడి పూర్తి చేసి, దాన్ని రెండుసార్లు గుంజి చూసి, అంది:

"అయితే ఇగ నీ బిడ్డను ప్రతిసారి నా బండ్లనే కూసుండవెడ్త."

అని నవ్వింది. అది పరాచికమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాట వినపడ్డట్టే మా బిడ్డ పరుగెత్తుకొచ్చి వెనక సీటు ఎక్కేసింది. నేను లోపలికి వెళ్లి స్టవ్వు ఆపి, చెప్పులు వేసుకుని వచ్చి దాని పక్కన కూర్చున్నాను. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. బిడ్డకు బెల్టు పెట్టి, దాని చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. అది చెయ్యి ఇచ్చింది కానీ, జగిత్యాల చేరేదాకా పెద్దమ్మ చేతులనే చూస్తూ కూర్చుంది.